పసుపు విమానం ఎందుకు ఎగరలేదంటే

చిన్నీ, బుజ్జీ,

మొన్న పాత విమానాల ప్రదర్శన నుంచి తిరిగొస్తుంటే దారంతా ముఖాలు ముడుచుకుని కూర్చున్నారు. పొద్దుటి నుంచి ఎదురుచూసిన పసుపు రంగు టైగర్ మాత్ ఎగరనే లేదు మరి. "గాలి ఎక్కువగా ఉంది, ఎగరడం లేదు" అని మైకులో చెప్పగానే బుజ్జి నన్ను అడిగాడు: "విమానానికి గాలే కదా తాతయ్యా కావాలి?" ఆ గోలలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. చాలా మంచి ప్రశ్న అది. అందుకే ఈ ఉత్తరం.

టైగర్ మాత్ మొదటిసారి ఎగిరింది 1931లో. ఎన్నో దేశాల పైలట్లు ఓనమాలు దిద్దుకున్నది దాని మీదే. ఒంటికి ఉక్కు గొట్టాల చట్రం, రెక్కలకు చెక్క చట్రం, వాటి మీద గుడ్డ. ఆ గుడ్డకు డోప్ అనే పూత పూస్తారు. ఆరేకొద్దీ అది గుడ్డను మద్దెల మీద తోలులా బిగిస్తుంది. ఇంజిన్ 130 హార్స్‌పవర్, ఇప్పటి కార్లలో చాలావాటికి ఉన్నంతే. బరువేమో చాలా తక్కువ, రెక్కలేమో నాలుగు.

ఇలాంటి విమానం ఎదురుగాలిలో హాయిగా లేస్తుంది. చిక్కంతా పక్కగాలితోనే. నేల మీద మెల్లగా వెళ్తున్నప్పుడు పక్క నుంచి ఒక్క విసురు వస్తే చాలు, ఒకవైపు రెక్కలు పైకి లేచి రెండోవైపు కొన నేలకు తగులుతుంది. పైగా మొదట్లో తయారైన టైగర్ మాత్‌లకు బ్రేకులు లేవు. తోక కింద చక్రం కూడా లేదు, నేలను గీసుకుంటూ పోయే స్కిడ్ మాత్రమే. గాలి వీచే రోజుల్లో మనుషులే రెక్కల కొనలు పట్టుకుని పక్కన నడుస్తారు, మీరూ చూశారుగా.

ఆ రోజంతటిలో నాకు బాగా నచ్చింది ఆ పైలట్ హెల్మెట్ తీసేసి కిందికి దిగడం. అంతమంది ఎదురుచూస్తుంటే "ఇవాళ వద్దు" అనడం తేలిక కాదు.

ఇంగ్లండ్‌లో ఓల్డ్ వార్డెన్ అనే చోట షటిల్‌వర్త్ కలెక్షన్‌లో 1909 నాటి బ్లేరియో విమానం ఉంది. గాలి పూర్తిగా నిమ్మళించినప్పుడే దాన్ని బయటికి తీస్తారు. అదీ కాస్త ఎత్తుకు లేచి, తిన్నగా కొంత దూరం వెళ్లి దిగిపోతుంది, అంతే.

మీరు విసుక్కున్న సంగతి ఇంకొకటి ఉంది. హార్వర్డ్ విమానం స్టార్ట్ చేసే ముందు మెకానిక్‌లు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పుతూ ఉండిపోయారు. దాని ఇంజిన్‌లో 9 సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చి ఉంటాయి. ఆగి ఉన్నప్పుడు ఆయిల్ జారి అడుగున ఉన్న సిలిండర్లలో చేరుతుంది. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, ఆయిల్ అలా కాదు. చూడకుండా స్టార్ట్ చేస్తే పిస్టన్ వెళ్లి ఆయిల్‌ను గుద్దుకుంటుంది, లోపలి రాడ్ వంగిపోతుంది. అందుకే ముందు చేత్తో తిప్పి చూస్తారు. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేసి, అడుగు సిలిండర్ల ప్లగ్గులు విప్పి ఆయిల్ తీసేస్తారు. చిన్ని భయపడిన ఆ తెల్లటి పొగ కూడా మిగిలిన ఆయిల్ కాలడమే.

ఆయిల్ అంటే గుర్తొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కొన్ని విమానాల్లో ఇంజిన్ మొత్తం ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరిగేది. దానిలో పోసేది ఏమిటో తెలుసా? ఆముదం! పెట్రోలులో అంత తేలిగ్గా కరగదని. కాలని ఆముదం పైలట్ ముఖం మీదే చిందేది.

ఈసారి సాయంత్రం ప్రదర్శన ఉన్న రోజు చూసి వెళ్దాం. పొద్దువాలేసరికి గాలి సాధారణంగా నెమ్మదిస్తుంది. గేటు దాటగానే స్తంభానికి కట్టిన నారింజ రంగు గుడ్డ గొట్టం వంక చూడండి. అది కదలకుండా కిందికి వేలాడుతుంటే పసుపు విమానం వైపు కంచె దాకా పరుగెత్తండి. నేను వెనకాల మెల్లగా వస్తాను.

మీ తాతయ్య