జీవాలు పెంచే రైతే మాంసం అమ్మితే: అనుమతులపై అపోహలు, వాస్తవాలు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో గొర్రెలు, మేకలు, నాటుకోళ్లు పెంచే వారిలో చాలామంది ఇప్పుడు సంతలో దళారి చెప్పిన ధరకు జీవాన్ని అప్పగించడం కన్నా, తామే కోయించి కిలోల లెక్కన అమ్ముకోవాలని ఆలోచిస్తున్నారు. పశువైద్యుడిగా నేను ఈ ఆలోచనను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఆ జీవం ఏం మేసింది, దానికి ఏ జబ్బు చేసింది, ఏ మందు వేశారు అనే విషయాలు పెంచిన వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. కాని అనుమతుల గురించి ఊళ్లలో వినిపించే మాటల్లో కొన్ని సగమే నిజం, కొన్ని పూర్తిగా తప్పు. వాటిని నమ్మి కొందరు భయపడి ఆగిపోతున్నారు, కొందరు చిక్కుల్లో పడుతున్నారు.

అపోహ: "నేను రైతును, నా పొట్టేలును నా పొలంలో కోసి అమ్ముకుంటే ఆహార చట్టం నాకు వర్తించదు."

ఈ మాట గాలిలోంచి పుట్టలేదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 18వ సెక్షన్‌లోని మూడో ఉపవిభాగం రైతుకు, మత్స్యకారుడికి, వ్యవసాయ పనులకు, పంటలకు, పశుసంపదకు, రైతు తన పొలం స్థాయిలో పండించిన పంటల ఉత్పత్తులకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ వాక్యాన్ని నిదానంగా చదవాలి. అందులో పశుసంపద ఉంది, పంటల ఉత్పత్తులు ఉన్నాయి. మాంసం ప్రస్తావన లేదు. పొట్టేలును ప్రాణంతో అమ్మినంత వరకు మీరు చేసేది వ్యవసాయమే. దానిని కోసి, తోలు తీసి, ముక్కలు కొట్టి, తూకం వేసి ఇతరులకు అమ్మడం మొదలుపెట్టగానే అది ఆహార వ్యాపారం అవుతుంది. చట్టం దృష్టిలో ఆహార వ్యాపారానికి లాభాపేక్ష కూడా తప్పనిసరి కాదు కాబట్టి, "లాభం కోసం కాదు, తెలిసిన వారికే ఇస్తున్నాను" అన్న సమాధానం నిలవదు. అన్నిటికన్నా స్పష్టమైన ఆధారం 2011 నాటి లైసెన్సు, రిజిస్ట్రేషన్ నిబంధనల్లోనే ఉంది. రోజుకు ఎన్ని జీవాలను కోస్తారు అన్న లెక్కతోనే అవి చిన్న వ్యాపారిని నిర్వచించాయి. రెండు జీవాలు కోసే వారికి చట్టంతో పని లేదనుకుంటే, ఆ లెక్క రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ఇంట్లో విందు కోసం కోసుకునే జీవానికి ఆహార రిజిస్ట్రేషన్ అవసరం లేదు. కాని పట్టణ పరిధిలో ఉన్నవారు కింద చెప్పబోయే 2001 నియమాలను కూడా చూసుకోవాలి.

అపోహ: "లైసెన్సు పెద్ద కంపెనీలకే గాని, మనలాంటి వారికి రాదు."

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ అపోహే, ఎందుకంటే నిబంధనలు చిన్నవారి కోసం ప్రత్యేకంగా ఒక తేలిక దారి ఉంచాయి. 2011 నిబంధనల ప్రకారం రోజుకు రెండు పెద్ద పశువులు, లేదా పది గొర్రెలు, మేకలు, లేదా యాభై కోళ్ల వరకు కోసే వారికి లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఆ పరిమితి దాటి యాభై పెద్ద పశువులు, నూట యాభై గొర్రెలు, మేకలు, వెయ్యి కోళ్ల వరకు రాష్ట్ర స్థాయి లైసెన్సు కావాలి. అంతకు మించితే కేంద్ర లైసెన్సు. మన ప్రాంతంలో ఆదివారానికి మూడో నాలుగో పొట్టేళ్లు కోసే రైతు ఆ మొదటి మెట్టు లోపలే ఉంటాడు.

దరఖాస్తు ఫాస్కాస్ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్) పోర్టల్‌లో చేసుకోవాలి. ఫొటో, గుర్తింపు పత్రం, స్థానిక సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం వంటివి సిద్ధం చేసుకోవాలి. దరఖాస్తు అందిన ఏడు రోజుల్లోగా అధికారి రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణాలు రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి నోటీసు ఇవ్వాలి. ఆ ఏడు రోజుల్లో ఏదీ జరగకపోయినా, తనిఖీ పేరుతో ముప్పై రోజుల్లోగా నిర్ణయం తెలపకపోయినా వ్యాపారం మొదలుపెట్టవచ్చని నిబంధనే చెబుతోంది. అందుకే దరఖాస్తు చేసిన రసీదును జాగ్రత్తగా దాచుకోండి. రుసుములు, టర్నోవరు పరిమితులు సవరణలతో మారుతుంటాయి కనుక వాటిని దరఖాస్తు రోజున పోర్టల్‌లోనే చూసుకోవడం మంచిది.

అపోహ: "ఆహార రిజిస్ట్రేషన్ నంబరు వస్తే ఇక ఎవరినీ అడగనక్కరలేదు."

ఆ నంబరు మీ శుభ్రతకు సంబంధించిన బాధ్యతను నమోదు చేస్తుంది, కోసే స్థలానికి అనుమతి ఇవ్వదు. ఆ స్థలం గ్రామ పంచాయతీ లేదా పురపాలక సంస్థ అధికారంలోని విషయం. జంతు హింస నిరోధక చట్టం కింద 2001లో వచ్చిన వధశాల నియమాల ప్రకారం పురపాలక పరిధిలో గుర్తింపు లేదా లైసెన్సు ఉన్న వధశాలలో తప్ప జీవాలను కోయరాదు. కాబట్టి తిరుపతి, చిత్తూరు, పలమనేరు, కుప్పం వంటి పట్టణాల పరిధిలో ఉన్నవారికి, పల్లెలో ఉన్నవారికి ఒకే సమాధానం ఉండదు. పట్టణ శివారు ఊళ్లవారు తమ ఊరు ఏ పరిధిలోకి వస్తుందో ముందుగా సచివాలయంలో తెలుసుకోవాలి. అదే నియమాలు చూలుతో ఉన్న జీవాన్ని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని, మూడు నెలల లోపు వయసు పిల్లను కోయడాన్ని నిషేధించాయి. వేరే జీవాలు చూస్తుండగా కోయకూడదని కూడా చెప్పాయి.

మాంసం అంగడి, కోసే చోటు ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. అంగడి లోపల కోయడం, తోలు తీయడం నిబంధనలకు విరుద్ధం. కొనుగోలుదారులను ఆకర్షించడానికి మాంసాన్ని వీధికి వేలాడదీయడం, దాని మీద తడిగుడ్డ కప్పడం మనకు అలవాటైన పద్ధతులే అయినా, సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక వాటిని కూడా నిషేధించారు.

అపోహ: "కోసే ముందు, కోసిన తరువాత పశువుల డాక్టరు చేసే పరీక్ష ఒక ముద్ర కోసమే."

దీనిని నేను ఒప్పుకోలేను. మన జిల్లాలకు దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కొత్త కాదు. మేతకు వెళ్లిన గొర్రె హఠాత్తుగా కూలిపోతే, "ప్రాణం ఉండగానే కోసేస్తే నష్టం తగ్గుతుంది" అనే ఆలోచన చాలామందికి వస్తుంది. దొమ్మ సోకిన జీవాన్ని కోస్తే ఆ రక్తంలోని సూక్ష్మజీవులు గాలి తగిలి గట్టి పెంకుతో సిద్ధబీజాలుగా మారి, నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి, కోసిన వారి చేతులకు నల్లటి పుండ్లు వస్తాయి, తిన్నవారికి ప్రాణాపాయం. ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతూ చనిపోయిన జీవాన్ని కోయనే కూడదు, తోలు తీయకూడదు; పశువైద్యుడికి చెప్పి లోతుగా పూడ్చాలి.

కోసిన తరువాత చేసే పరీక్ష కూడా అంతే అవసరం. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగల్లాంటి తిత్తులు కనిపిస్తే అవి కుక్కల బద్దెపురుగు పిల్ల దశలు. వాటిని కోసి పక్కన ఉన్న కుక్కలకు వేస్తే, కుక్కల మలంతో గుడ్లు మేతకు చేరి మళ్లీ మీ మందకే జబ్బు వస్తుంది. ఆ గుడ్లు మనుషుల కడుపులోకి వెళ్లినా అవే తిత్తులు ఏర్పడతాయి. అలాంటి భాగాలను కాల్చడం గాని, కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చడం గాని చేయాలి.

అపోహ: "నా జీవం ఆరోగ్యంగా ఉంది, ఇంజెక్షన్ ఎప్పుడు వేశానన్నది అనవసరం."

మందు వేసిన జీవం కోలుకున్నా, ఆ మందు అవశేషాలు కొన్నాళ్లు మాంసంలో ఉంటాయి. పశువుల మందు సీసా మీద ఎన్ని రోజులు ఆగి కోయాలో రాసి ఉండాలి. అది రాసి లేని మందులకు మాంసం విషయంలో కనీసం 28 రోజులు ఆగాలని ఔషధ నియమాలు చెబుతున్నాయి. కోళ్ల మాంసానికీ ఇదే వర్తిస్తుంది. ప్రతి జీవానికి చెవి పోగు నంబరు, మందు పేరు, వేసిన తేదీ ఒక పుస్తకంలో రాసుకుంటే, దానిని పరీక్షకు వచ్చిన డాక్టరుకు, అడిగిన కొనుగోలుదారుకు చూపించవచ్చు. దళారి చేతులు మారిన జీవానికి అలాంటి పుస్తకం ఉండదు.

ఇక మిగిలినవి కొద్ది మాటల్లో చెప్పవచ్చు. 1977 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఆవును కోయడం నేరం. ఎద్దును కోయాలంటే ముందుగా ధ్రువపత్రం ఉండాలి. 1950 నాటి చట్టం ఆలయ ప్రాంగణాల్లో జంతు, పక్షి బలులను నిషేధించింది. మాంసం అంగడి ప్రార్థన స్థలానికి కనీసం 50 మీటర్ల దూరంలో, ప్రధాన ద్వారానికి ఎదురుగా అయితే 100 మీటర్ల దూరంలో ఉండాలి. ఎలక్ట్రానిక్ తక్కెడకు ఏటా తూనికల శాఖ ముద్ర వేయించుకోవాలి.