‘రిపోర్టు బాగుంది కదమ్మా, ఇంకా మందులెందుకు?’

విశాఖలో పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సుని. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి వచ్చే తల్లిదండ్రుల నోట నేను రోజూ వినే మాటలివి.

అపోహ: రిపోర్టు బాగుంటే జబ్బు పోయినట్టే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా భయపెట్టే మాట ఇది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్ ఏఎల్ఎల్. మొదటి నెల కీమో అయ్యేసరికి చాలామందిలో పరీక్షకు క్యాన్సర్ కణాలు దొరకవు. జ్వరం ఉండదు, పిల్లాడు అడిగి మరీ అన్నం తింటాడు. సరిగ్గా అప్పుడే ఇంటి లెక్కలు ముందుకొస్తాయి: వరికోతలు, బస్సు చార్జీలు, అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన రెండో బిడ్డ. కానీ పరీక్షకు దొరకని కణాలు లోపల మిగిలే ఉంటాయి. వాటి కోసమే రెండు మూడేళ్ల వైద్యం. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఈసారి ఒక పట్టాన లొంగదు.

పాడేరు వైపు నుంచి వచ్చే ఒకమ్మకు చదువు రాదు. రాత్రి మాత్ర వేసిన ప్రతి తేదీ మీదా పసుపు బొట్టు పెట్టి, ఆ క్యాలెండర్ కాగితం మడిచి తెస్తుంది. ఒక్క గడి ఖాళీ ఉండదు. దాన్ని చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి.

అపోహ: పరీక్ష కోసం గడ్డలోంచి ముక్క తీస్తే (బయాప్సీ) క్యాన్సర్ పాకిపోతుంది.

వాస్తవం: ఏ రకమో తేలనిదే సరైన మందు ఇవ్వలేరు. సూది పెడితే పాకే ప్రమాదం ఉన్న చోటు ఏదో డాక్టర్లకు తెలుసు. చిన్నపిల్లల కంటి క్యాన్సర్‌కు అందుకే సూది పెట్టరు.

అపోహ: క్యాన్సరంటే ఇక ఆశ లేదు.

వాస్తవం: సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా పిల్లలు కోలుకుంటున్నారు. మన దగ్గర అంతమంది కోలుకోవడం లేదు. ఆ తేడా చాలావరకు ఆలస్యంగా రావడంలో, మధ్యలో ఆపేయడంలో ఉంది. తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, దెబ్బ తగలకుండానే నీలిమచ్చలు, ఫ్లాష్ ఫొటోలో తెల్లగా మెరిసే కంటిపాప కనిపిస్తే వెంటనే చూపించండి. నీరసమని ఊళ్లో స్టెరాయిడ్ సూది మాత్రం వేయించొద్దు, రక్త క్యాన్సర్ కొన్నాళ్లు దాక్కుంటుంది. వైద్యానికి ముంబయి రైలెక్కక్కర్లేదు, విశాఖ అగనంపూడిలోనే టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. పక్కింటి పిల్లల్ని ఆడుకోనివ్వండి, జలుబు, జ్వరం ఉన్నవాళ్లను తప్ప. కడుపుతో ఉన్నప్పుడు మీరు తిన్నదాని వల్ల వచ్చిందీ కాదు తల్లీ.

అపోహ: కీమో పిల్లాడికి జ్వరమొస్తే సిరప్ పట్టి పొద్దున చూడొచ్చు.

వాస్తవం: కీమో వల్ల రోగాలతో పోరాడే తెల్లకణాలు పడిపోయినప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. థర్మామీటర్ 100.4 చూపిస్తే అర్ధరాత్రయినా బయల్దేరండి. దారిలోంచి వార్డుకు ఫోన్ చేయండి, మేం యాంటీబయాటిక్ సిద్ధంగా ఉంచుతాం.