ఒకటి తాగేస్తుంది, ఇంకోటి తాళం వేస్తుంది

పాడేరు వైపు నుంచి ఒకావిడ అడిగారు: "మా బాబుకి మలేరియా తగ్గి నెల దాటింది, ఐరన్ టానిక్ రెండు సీసాలు అయిపోయాయి, అయినా ఒంటికి రక్తం పట్టట్లేదు, ఎందుకండీ?"

జవాబు ఒక్కోసారి కాళ్ల కింద ఉంటుంది. కొంకిపురుగు. మట్టిలోని దీని పిల్ల, చెప్పుల్లేని పాదం చర్మంలోంచి దూరి, రక్తంతో పాటు ఊపిరితిత్తులకు వెళ్లి, అక్కణ్ణుంచి గొంతులోకి పాకి, మనం గుటక వేస్తే కడుపులోకి జారి చివరికి చిన్నపేగు గోడ కరుచుకుంటుంది. మలేరియా దోమ కథ మళ్లీ చెప్పను, అందరం బళ్లో బట్టీపట్టినదే. నన్ను పట్టుకున్నది ఇనుము లెక్క.

నెకేటర్ రకం పురుగు ఒక్కోటి రోజుకు సుమారు 0.03 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది. వంద పురుగులుంటే 3 మిల్లీలీటర్లు. ఓస్, ఇంతేనా? మిల్లీలీటరు మంచి రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది, అంటే రోజూ ఒకటిన్నర మిల్లీగ్రాము పేగులోకి పోతోంది. అందులో కొంత మళ్లీ ఒంట్లోకి వస్తుందనుకోండి. కానీ పెద్దవాళ్లు కూడా తిండి నుంచి రోజుకు ఒంటికి పట్టించుకునేది ఒకటి, రెండు మిల్లీగ్రాములే! ఆంకైలోస్టోమా రకమైతే ఇంకా ఐదారు రెట్లు తాగుతుంది.

మామూలుగా ఇనుము తగ్గితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ తయారీ తగ్గించేస్తుంది, పేగు తలుపులు బార్లా తెరుచుకుంటాయి. మలేరియా సోకిందా, ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) రేగి అదే హెప్సిడిన్ పెరుగుతుంది. అది ఫెర్రోపోర్టిన్ అనే ద్వారాలను మూసేస్తుంది. పేగు దగ్గరే కాదు, పగిలిన ఎర్రకణాల ఇనుమును దాచుకునే ప్లీహంలోని భక్షక కణాల దగ్గర కూడా. పురుగేమో ఇంట్లో డబ్బు ఖర్చు పెట్టేస్తుంటే, మలేరియా జీతం ఆపి, బీరువాకు కూడా తాళం వేసిందన్నమాట. టానిక్ తాగిస్తే ఎక్కడికి పోతుంది?

ఎక్కడికీ పోకపోతే సరే, కీడు చేయొచ్చు కూడా. టాంజానియాలోని పెంబా దీవిలో 2000ల తొలినాళ్లలో మలేరియా బాగా ఎక్కువగా ఉండేది. అక్కడ చిన్నపిల్లలకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిపి రోజూ ఇచ్చి చూస్తే, ఆస్పత్రి పాలవడం, చావులు ఇవ్వనివాళ్లలో కన్నా ఎక్కువగా కనిపించాయి. 2006లో ఆ ఫలితాలు వచ్చాక చాలామంది ఉలిక్కిపడ్డారు. అదే పరిశోధనలో మలేరియాను వెంటవెంటనే కనిపెట్టి మందిచ్చిన చోట, ఇనుము తక్కువున్న పిల్లలకు మేలే జరిగింది. అందుకే ఆవిడకు చెప్పాను, ముందు డాక్టరుతో మలేరియా పూర్తిగా పోయిందో లేదో రక్తపరీక్ష, పురుగులకు మలపరీక్ష చేయించండి, టానిక్ సంగతి ఆ తర్వాత.

"బలపాలు తింటాడండీ, అందుకే పురుగులు పట్టుంటాయి" అన్నారు. బలపం మీద పాపం ఎప్పుడూ ఇదే నింద. ఇనుము తగ్గినవాళ్లకే మట్టి, బలపం మీద మనసు పోవడం తరచూ చూస్తాం, అంటే వరస తిరగబడి ఉండొచ్చు. చెప్పులు వేసుకుంటాడా అని అడిగాను.

"బడికి వెళ్లేటప్పుడు వేసుకుంటాడండీ. ఇంటికొచ్చాక పొలం గట్ల మీదే కదా."