పొంగిన పప్పుచారు, గుంటూరు గ్రహణం

పప్పుచారు పొంగి పొయ్యి మీద పడగానే నీలంగా ఉన్న గ్యాసు మంట పసుపుపచ్చగా ఎగుస్తుంది. అది చారులోని ఉప్పు పని. ఉప్పులోని సోడియం పరమాణువులు ఆ వేడికి విడివడతాయి. చుట్టూ ఉన్న అణువులు వచ్చి గుద్దుకోవడంతో వాటి చివరి ఎలక్ట్రాన్ పై శక్తి స్థాయికి ఎగబాకుతుంది. అక్కడ ఉండేది సగటున 16 నానోసెకన్లే (నానోసెకను అంటే సెకనులో వందకోటో వంతు). దిగివస్తూ, రెండు స్థాయిలకూ తేడా ఎంతో సరిగ్గా అంత శక్తిని ఒక ఫోటాన్‌గా, అంటే కాంతి రేణువుగా వదిలేస్తుంది. సోడియంలో ఆ తేడా 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల శక్తిని కొలిచే చిన్న కొలత ఇది). మన కంటికి అది 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న పసుపు. ఉప్పు సముద్రానిదైనా గనిదైనా ఈ లెక్క మారదు.

కాంతిని పీల్చుకునేటప్పుడూ ఇదే లెక్క, తిరగేసి. సరిపడా చిల్లర ఇస్తేనే టికెట్టు కొట్టే కండక్టరు లాంటిది పరమాణువు. 2.1 తెచ్చిన ఫోటాన్‌ను తీసుకుంటుంది, 2.0 తెచ్చినా, 2.2 తెచ్చినా వదిలేస్తుంది.

1814లో జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి చూస్తే రంగుల మధ్య వందల నల్లగీతలు కనిపించాయి. పసుపులో ఉన్న జంటకు ‘డి’ అని పేరు పెట్టాడు. అవి సూర్యుడి మీది సోడియం ఆవిరి గీసినవేనని 1859లో జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ తేల్చాడు. పీల్చుకున్న వెలుగును పరమాణువు మళ్లీ వదిలేస్తుంది కదా, మరి నలుపెందుకు? చాలాకాలం నన్ను వేధించిన ప్రశ్న ఇది. వదిలేది అన్ని దిక్కులకూ. మనవైపు రావలసినదాంట్లో చాలాభాగం అలా పక్కదారి పడుతుంది.

ఆ పక్కదారి వెలుగు కనిపించాలంటే సూర్యబింబాన్ని మూయాలి. 1868 ఆగస్టు 18న చంద్రుడు ఆ పని చేశాడు. గుంటూరులో కాచుకుని ఉన్న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్‌కు సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో మెరిసే గీతలు కనిపించాయి. అంత మెరుపుంటే గ్రహణంతో పనేముందని, మర్నాడు పట్టపగలే మళ్లీ చూశాడు. అక్టోబరులో ఇంగ్లండు నుంచి ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ కూడా చూసి, అందులోని పసుపు గీత సోడియానిది కాదని గుర్తించాడు. దానిది 587.6 నానోమీటర్లు. ఆ గీత గీసిన మూలకమే హీలియం. గుంటూరులోనే దొరికిందని మనం మురిసిపోతాం గానీ, సగం ఘనత లాకియర్‌దే.

చిత్రమేమంటే మామూలు సూర్యకాంతిలో అక్కడ నల్లగీత దాదాపు ఉండదు. 587.6ను పీల్చుకోవాలంటే హీలియం ఎలక్ట్రాన్ ముందే దాదాపు 21 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తున ఉండాలి. అది సోడియం ఎక్కే ఎత్తుకు పదింతలు. సూర్యుడి ఉపరితలం వేడి 5,500 డిగ్రీల సెల్సియస్ మాత్రమే; అక్కడ అంత ఎత్తుకు చేరే పరమాణువులు లేనట్టే. అందుకే హీలియం ఫ్రాన్‌హోఫర్ కంటపడలేదు.