అది గ్యాసేనా? ఆడవాళ్ల గుండెపై అపోహలు - వాస్తవాలు

గుండెపోటు మగవాళ్ల జబ్బని మా శ్రీకాకుళం వైపు ఇప్పటికీ గట్టి నమ్మకం. ఇంటాయన గుండె పట్టుకుంటే వాకిట్లోకి ఆటో వస్తుంది. ఇల్లాలు పట్టుకుంటే సోడా వస్తుంది. ఫిజీషియన్‌గా ఓపీలో రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఛాతీలో పొడిచినట్టు నొప్పి వస్తేనే గుండెపోటు, మిగతాదంతా గ్యాస్.

వాస్తవం: ఆడవాళ్లలోనూ ఎక్కువమందికి ఛాతీలోనే ఇబ్బంది మొదలవుతుంది. కాకపోతే దాన్ని వాళ్లు నొప్పి అనరు. "బరువుగా ఉంది", "పట్టేసినట్టుంది" అంటారు. దానికి తోడు దవడ, మెడ, వీపు, రెక్క లాగడం, ఆయాసం, వికారం, ఎన్నడూ లేని నీరసం ఉండొచ్చు. ఇవి మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. "కాసింత గేస్ బాబూ, ఏటీ కాదు" అంటూనే ఉంటుంది పెద్దావిడ. ఫ్యాను కిందే కూర్చున్నా జాకెట్టు వీపంతా తడిసి ఉంటుంది. అలాంటి చెమట కనిపిస్తే నేనామె మాట వినను, ముందు ఈసీజీ తీయిస్తాను. మొదటి ఈసీజీ బాగున్నా సరిపోదు. ఇబ్బంది తగ్గకపోతే కాసేపాగి మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయాలి.

అసలు ఆలస్యం ఇంట్లోనే జరుగుతుంది. పొయ్యి మీది అన్నం దించాలి, ఆయన పొలం నుంచి రావాలి, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోనెత్తాలి. ఈలోగా గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత మేలు. ఇబ్బంది మొదలై 12 గంటలు దాటాక దానితో పెద్దగా ప్రయోజనం ఉండదు. మందస నుంచో మెళియాపుట్టి నుంచో బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకురాకండి, 108కి ఫోన్ చేయండి.

అపోహ: ముట్లు ఆగేదాకా గుండెజబ్బు రాదు.

వాస్తవం: ముట్లు ఆగేదాకా ఒంట్లో ఎక్కువగా ఉండే ఈస్ట్రోజెన్ అనే హార్మోను కొంత కాపాడే మాట నిజమే. షుగరుంటే ఆ రక్షణ చాలావరకు పోయినట్టే. కడుపుతో ఉన్నప్పుడు బీపీ, షుగర్ వచ్చినవాళ్లకు తర్వాతి కాలంలో గుండెజబ్బు ముప్పు ఎక్కువ. కాన్పుతో తగ్గిపోయిందని ఆ సంగతే మరిచిపోతారు. ఏడాదికోసారి బీపీ, షుగర్ చూపించుకోండి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఆ కాన్పు సంగతి చెప్పండి, వాళ్లు అడగకపోయినా సరే.

అపోహ: చుట్ట వల్ల నోటికే చేటు.

వాస్తవం: నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ మన తీరంలో ఆడవాళ్లకు పాత అలవాటే. అంగిలి క్యాన్సర్ గురించి కొందరైనా విన్నారు, గుండె ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. చుట్టను ఎటునుంచి కాల్చినా ఆ పొగ రక్తనాళాలను పాడుచేస్తుంది. అత్తకు చుట్టలు తెచ్చిచ్చే కోడళ్లు కూడా ఇది చదవాలి.

అపోహ: సన్నగా ఉండి, పని చేసుకునేవాళ్లకు రాదు.

వాస్తవం: వస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బున్న సన్నటి మనుషులు ఎంతమంది లేరు? కిడ్నీ దెబ్బతింటే గుండెకూ ముప్పే. పలాసలో రోజంతా కూర్చుని జీడిపప్పు ఒలిచే పనిలో చేతులు అలుస్తాయే గానీ గుండెకు కావలసిన నడక దొరకదు. ఇక ఉప్పు మొత్తంమీద రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా దాటకూడదు. ఎండుచేపలోదీ ఆవకాయలోదీ ఆ లెక్కలోకే వస్తుంది.

అపోహ: బీపీ దిగింది, మాత్ర ఆపేయొచ్చు.

వాస్తవం: దిగింది ఆ మాత్ర వల్లే. తగ్గించాలన్నా మానాలన్నా రాసిన డాక్టర్నే అడగండి, పక్కింటావిడను కాదు.