ఎథ్నిక్ స్టడీస్ ‘రద్దయింది’ అని క్లాసు మానిపించే ముందు

కాలిఫోర్నియాలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో, పిల్లల క్లాసుల ఎంపిక చూసే కౌన్సిలర్‌ని. ఎథ్నిక్ స్టడీస్ అంటే అమెరికాలోని నల్లజాతి, లాటినో, ఆసియా, ఆదివాసీ ప్రజల చరిత్రనూ సంస్కృతినీ చెప్పే క్లాసు. పిల్లల షెడ్యూళ్లు ఖరారయ్యే రోజుల్లో మన తెలుగు తల్లిదండ్రులు ఒకరి తర్వాత ఒకరు అడిగేది ఇదే: “ఎథ్నిక్ స్టడీస్ తీసేశారటండీ, మా అబ్బాయికి దాని బదులు కంప్యూటర్ సైన్స్ ఇవ్వండి.” ఎవరు తీసేశారంటే వాట్సాప్ గ్రూపు పేరు చెబుతారు.

అపోహ: రాష్ట్రం నిధులివ్వలేదు, కాబట్టి ఈ క్లాసు ఎవరికీ అక్కర్లేదు.

మొదటి సగం నిజమే, అందుకే ఇంతమంది నమ్ముతున్నారు. 2021 అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ సంతకం చేసిన ఏబీ 101 అనే రాష్ట్ర చట్టం ప్రకారం హైస్కూళ్లు 2025-26 నుంచి ఒక సెమిస్టరు ఎథ్నిక్ స్టడీస్ అందించాలి. 2029-30లో డిప్లొమా అందుకునే పిల్లల నుంచి అది హైస్కూల్ గ్రాడ్యుయేషన్ షరతు. కానీ చట్టంలోనే ఒక మెలిక పెట్టారు: శాసనసభ ఇందుకోసం డబ్బు కేటాయిస్తేనే ఇది అమల్లోకి వస్తుంది. ఏటా 27.6 కోట్ల డాలర్లు కావాలని అంచనా. 2025-26 బడ్జెట్‌లో ఆ కేటాయింపు లేదు. 2021 బడ్జెట్‌లో ఇచ్చిన 5 కోట్ల డాలర్లు పాఠాల తయారీకి, ఉపాధ్యాయుల శిక్షణకు ఒక్కసారి ఇచ్చిన సాయం మాత్రమే. ఆ డబ్బుతో చట్టం అమల్లోకి రాలేదు.

పిల్లల్ని ముంచుతున్నది రెండో సగం. గ్రాడ్యుయేషన్ షరతులు రాష్ట్రం ఒక్కటే పెట్టదు, స్థానిక స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డు కూడా పెడుతుంది. లాస్ ఏంజెలెస్ బోర్డు 2014లోనే, ఈ చట్టం ఊసు లేనప్పుడే, ఎథ్నిక్ స్టడీస్ తప్పనిసరి చేయాలని తీర్మానించింది. నిధులు రాకపోయేసరికి కొన్ని డిస్ట్రిక్ట్‌లు వెనక్కి తగ్గాయి, కొన్ని తమ షరతును అలాగే ఉంచాయి. పక్క ఊరి స్నేహితుడి మాట మీ అబ్బాయికి వర్తించదు. ఒకే స్కూల్లో అన్నకూ తమ్ముడికీ షరతు వేరుగా ఉండవచ్చు, ఎందుకంటే అది డిప్లొమా అందుకునే సంవత్సరాన్ని బట్టి మారుతుంది.

నేను చూసిన ఒక అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఈ క్లాసు వదిలేసింది. పన్నెండో తరగతి వసంతంలో లెక్క చూస్తే ఐదు క్రెడిట్లు, అంటే ఒక సెమిస్టరు క్లాసంత, తక్కువ. కాలేజీ సీటు చేతిలో ఉంది, డిప్లొమా లేదు. వాళ్ల నాన్నగారు నా గదిలో కూర్చుని “మాకు ఎవరూ చెప్పలేదండీ” అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఇక్కడ చదువుకోని తల్లిదండ్రులకు ఈ క్రెడిట్ల లెక్క అయోమయంగానే ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసుతో ఎలాగో గట్టెక్కింది, కానీ ఆ రెండు నెలలు ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. దయచేసి మీ పిల్లలు డిప్లొమా అందుకునే సంవత్సరం రాసి, స్కూల్ కౌన్సిలర్‌కి ఈమెయిల్ పంపండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

అపోహ: యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ప్రవేశానికి ఇది పనికిరాదు.

స్కూలు తన కోర్సుకు యూసీ ఆమోదం తెచ్చుకుంటే ఏ-జీ జాబితాలో, అంటే యూసీ ప్రవేశానికి కావలసిన హైస్కూల్ కోర్సుల్లో, లెక్కకొస్తుంది. ఆ జాబితా స్కూలు పేరుతో ఎవరైనా వెతకవచ్చు. కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) సంగతి వేరు. 2020 నాటి ఏబీ 1460 చట్టం వల్ల అక్కడ డిగ్రీకి మూడు యూనిట్ల ఎథ్నిక్ స్టడీస్ చదవాలి. హైస్కూల్ క్లాసు దానికి సరిపోదు.

అపోహ: అందులో మన గురించి ఏముంటుంది?

పంజాబ్ నుంచి వలస వచ్చిన భగత్ సింగ్ థిండ్ శ్వేతజాతీయుడు కాడని 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఆయనకు పౌరసత్వం నిరాకరించింది. భారతీయులకు ఆ తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు. పదేళ్లకు మన దేశంలో పుట్టిన దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియా నుంచే అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. గ్రీన్‌కార్డు లైన్లో నిలబడి విసిగినవాళ్లు ఇది ‘వాళ్ల చరిత్ర’ అంటుంటే నాకు చిరాకే.

అపోహ: ద్వేషం నేర్పుతారు, మనం చేయగలిగింది లేదు.

అన్ని కోర్సులూ బాగున్నాయని నేననను. శాంటా ఆనా డిస్ట్రిక్ట్ 2025లో ఒక దావాలో రాజీపడి కొన్ని కోర్సుల్ని ఆపేసింది. పక్షపాతం, విద్వేషం, వివక్ష ఉండకూడదని ఏబీ 101 చెబుతోంది. స్థానికంగా తయారైన కోర్సును ఒక బహిరంగ బోర్డు సమావేశంలో ప్రవేశపెట్టి, ఆ తర్వాతి సమావేశంలోనే ఆమోదించాలని కూడా అందులో ఉంది. ఆ సమావేశాల అజెండా ముందుగానే ప్రకటిస్తారు, మాట్లాడే హక్కు మీకుంది. నేను వెళ్లిన సమావేశాల్లో మాత్రం మనవాళ్లు ఎక్కడో ఒకరిద్దరు కనిపించారు.