గాలికి సముద్రంతో పనేముంది? మేడల మీది హోర్డింగుల గొడవ వెనక కథ

ఎండాకాలం సాయంత్రం గాలివాన కొట్టిన ప్రతిసారీ తిరుపతిలో ఈ గొడవ లేస్తానే ఉంటాది, లాడ్జిల మీద, అపార్ట్‌మెంట్ల మీద నిలబెట్టిన హోర్డింగులు ఉంచాలా పీకేయాలా అని. బోర్డుల వాళ్ల మాట ఒకటే: ఇన్నేళ్లుగా ఏం కాలేదు, తుఫాను దెబ్బ నెల్లూరుకీ చెన్నైకీ గానీ మనకెక్కడిది అని.

హుద్‌హుద్, వార్దా తుఫాన్ల సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. నా వరకు ఈ వాదన ముగిసిపోయింది 2024 మే 13న, ముంబై ఘాట్‌కోపర్‌లో. పెట్రోల్ బంకు మీద హోర్డింగు కూలి 17 మంది చనిపోయారు. ఆ రోజు తుఫానేం లేదు, వానాకాలానికి ముందొచ్చే దుమ్ముగాలి, మన దగ్గర మే నెలలో లేచేలాంటిదే. తర్వాత ముంబైలోని ఇంజనీరింగ్ కాలేజీ వీజేటీఐ వాళ్లు లెక్కేస్తే ఆ పునాది గంటకి 49 కిలోమీటర్ల గాలికే సరిపోతాదని తేలింది, తట్టుకోవాల్సింది 158, ఆ రోజు వీచింది 87. 49కీ 158కీ చూడ్డానికి మూడింతల తేడానే, కానీ గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలు అవుతాది కాబట్టి నిజానికి ఆ పునాదికున్న బలం కావాల్సిన దాంట్లో పదో వంతే.

ఇప్పుడు మన మేడకి రండి. 20 బై 40 అడుగుల బోర్డు అంటే 74 చదరపు మీటర్లు, 158 స్పీడు గాలి తగిలితే దాని మీద పడేది ఎనిమిది టన్నుల పైనే. ఆ బరువు పైనుంచి కిందికి కాదు, పక్కనుంచి తోస్తాది, అందుకే ఒక పక్క కాళ్లు శ్లాబులోకి దిగబడతాయి, ఇంకో పక్కవి బోల్టులతో సహా పైకి లేస్తాయి, ఇల్లు కట్టినప్పుడు ఆ శ్లాబుకి ఈ లాగుడు లెక్కే వేసుండరు. పైగా కట్టడాల మీద గాలి బరువు ఎట్లా లెక్కేయాలో చెప్పే మన దేశ ప్రమాణం, ఐఎస్ 875 మూడో భాగం, 1987లోనే చెప్పింది, 2015లో మార్చినప్పుడూ ఉంచింది, నేల నుంచి పైకి పోయేకొద్దీ స్పీడు పెంచి లెక్కేయాలని, కొండవాలు పక్కనుంటే ఇంకా కలపాలని. కొండ మనకి ఎదురుగానే ఉంది కదా.

కింద కాపురముండే వాళ్లు అడుగుతా ఉండేది పెద్ద కోరికేం కాదు, ఈ బోర్డు ఎంత స్పీడు గాలికి డిజైన్ చేశారు, దాన్ని మోసే కాలమ్‌ని ఎవరు చూశారు, ఆ కాగితం గేటు దగ్గర అతికించండి అని.